ఎందులో చూశావ్?

2023లో వినాయక చవితికి ఇంకా వారం ఉందనగా అమ్మ ఫోన్ చేసింది. పండగ సోమవారమా మంగళవారమా, నువ్వు ఎప్పుడు బయల్దేరతావ్, దాన్నిబట్టి బియ్యప్పిండి పట్టిస్తాను అని. నేను ఆఫీసులో ఉన్నాను. ఒక చేత్తో ఫోన్ చెవికి పెట్టుకుని ఇంకో చేత్తో కంప్యూటర్లో కొట్టి చూసి, "మంగళవారం అమ్మా, 19" అన్నాను. పక్కనుంచి నాన్న గొంతు వినబడింది. "ఎందులో చూశావ్?"

గూగుల్లో అన్నాను.

"గూగుల్లో ఎవరిది?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. పైన పెద్ద అక్షరాల్లో తేదీ ఉంది, కింద ఏదో సైటు పేరు ఉండే ఉంటుంది, నేను చూడలేదు. చూడాలని కూడా తోచలేదు. నాన్న లెక్కలో గూగుల్ అంటే పుస్తకాల కొట్టు. కొట్లో చూశాను అంటే కుదరదు, కొట్లో ఏ పుస్తకం చూశావో చెప్పాలి. నా లెక్కలో కొట్టే పుస్తకం. ఇన్నేళ్ల నుంచీ సాఫ్ట్‌వేర్‌లో ఉండి కూడా ఈ తేడా నాకు ఆ రోజు దాకా తట్టలేదంటే కాస్త సిగ్గుగానే ఉంది.

మా ఇంట్లో పంచాంగం అంటే ఒకే సిద్ధాంతి గారిది. ఉగాదికి ముందు బజారుకి వెళ్తే ఆ ఒక్కటే కొంటారు. అది అయిపోయిందంటే మర్నాడు మళ్లీ వెళ్తారు గానీ పక్కదాని మీద చెయ్యి వెయ్యరు. మీ ఇళ్లలోనూ ఇంతే అయ్యుంటుంది. కొందరికి పిడపర్తి వారిది, కొందరికి నేమాని వారిది, కొందరికి దేవస్థానం వారిది. గోడకి మాత్రం ఎవరింటికి వెళ్లినా వెంకట్రామా వారి క్యాలెండరే. ఇవన్నీ బ్రాండ్లు అని ఎవరూ అనరు, బ్రాండ్ అంటే మనకి సబ్బూ, చెప్పులూ. కానీ పెళ్లి ముహూర్తం దగ్గర రెండువైపుల పెద్దలూ కూర్చున్నప్పుడు "మీరు ఏ పంచాంగం చూస్తారండీ" అని ఒకరినొకరు అడుగుతారు చూడండి, అది అచ్చంగా బ్రాండ్ సంగతే. ముందు ఎవరి మాట మీద నిలబడాలో తేలాలి, లెక్కలు ఆ తర్వాత.

ఇంతకీ ఆ ఏడాది ఏమయిందంటే చవితి తిథి 18 సోమవారం మధ్యాహ్నం మొదలై 19 మంగళవారం మధ్యాహ్నం దాకా ఉంది. వినాయకుడి పూజకి మధ్యాహ్నం వేళ చవితి ఉండాలి. రెండు రోజులూ ఎంతో కొంత ఉంది. తదియతో కలిసిన చవితి మంచిదని మనవాళ్లు 18 అన్నారు, మన రెండు రాష్ట్రాల్లోనూ సెలవు ఆ రోజే. మహారాష్ట్ర వైపు 19. ఢిల్లీలో కూడా చవితి రోజని చెప్పి 19నే కొత్త పార్లమెంటు భవనంలోకి మారారు. అంటే నాకు కనిపించిన తేదీ తప్పు కాదు. మాది కాదు, అంతే. ఏ ఊరి మధ్యాహ్నం, ఎవరి పద్ధతి అన్న రెండు ముక్కలూ ఆ పెద్దక్షరాల దగ్గర లేవు. ఇంకా తమాషా ఏంటంటే న్యూజెర్సీలో ఉన్న మా తమ్ముడు కూడా 18 అన్నాడు. వాడు పంచాంగం చూసి కాదు, వాడి ఊరి టైం ప్రకారం 18 తెల్లవారుజామున మూడింటికే చవితి వచ్చేసి మర్నాడు తెల్లారకుండానే వెళ్లిపోయింది, గొడవే లేదు. అమెరికాలో ఉన్నవాడూ కాకినాడ దగ్గర ఉన్నాయనా ఒకటే మాట, మధ్యలో హైదరాబాదులో ఉన్న నేనే తేడా.

అప్పటినుంచీ ఈ విషయం బుర్రలో తిరుగుతోంది. ఇదివరకు మనం ఏదైనా తెలుసుకోవాలంటే ముందు పేరు దగ్గరికి వెళ్లేవాళ్లం, ఆ పేరు లోపల జవాబు ఉండేది. ఇప్పుడు ప్రశ్న ముందు వెళ్తుంది, జవాబు వచ్చేస్తుంది, పేరు వెనకాల ఎక్కడో నడుచుకుంటూ వస్తుంది, ఒక్కోసారి రాదు కూడా.

చిన్నప్పుడు "పేపర్లో పడింది" అంటే వాదన అయిపోయినట్టే. ఏ పేపరు అని చెప్పక్కర్లేదు, ఇంటికి వచ్చేది ఒకటే కాబట్టి. అంతకు ముందు తరం వాళ్లయితే "పత్రిక" అంటే ఆంధ్రపత్రికే, "ప్రభ" అంటే ఆంధ్రప్రభే. 1974లో విశాఖపట్నంలో ఈనాడు మొదలయ్యాక మా వైపు పొద్దున్నే వచ్చేది అదయింది. అదొక సంత లాంటిది పేపరంటే. మిర్చి ధర, సినిమా టైములు, చావు కబురు, పదో తరగతి రిజల్ట్స్, సంపాదకీయం అన్నీ ఒకే గొడుగు కింద. మిర్చి ధర రోజూ సరిగ్గా వేస్తున్నాడు కాబట్టి ఢిల్లీ వార్త కూడా సరిగ్గానే వేస్తాడని ఒక నమ్మకం, ఒకదాని పరపతి ఇంకోదానికి అప్పుగా నడిచేది. సెర్చ్ వచ్చి ఆ గొడుగు తీసేసింది. మిర్చి ధర కావలసినవాడు మిర్చి ధర దగ్గర దిగి అక్కణ్ణుంచే వెళ్లిపోతాడు. పక్కన ఇంకేముందో చూడడు, ఎవరి కొట్లో దిగాడో కూడా గుర్తుండదు.

అయితే మన తెలుగుకి వచ్చేసరికి ఈ కథలో ఒక మెలిక ఉంది, బయటివాళ్లు పెద్దగా చెప్పుకోనిది.

2000ల మొదట్లో నెట్లో తెలుగు పేపరు చదవాలంటే ఒక్కో పేపరుకి ఒక్కో ఫాంటు దించుకోవాలి. ఈనాడుకి ఈనాడు ఫాంటు, ఇంకోదానికి ఇంకోటి. ఫాంటు లేకపోతే తెర నిండా కొమ్మలూ కొక్కేలూ, ఇంగ్లిషు అక్షరాలూ డాలరు గుర్తులూ కలిపి ఎవరో కీబోర్డు మీద పిల్లిని నడిపించినట్టు ఉండేది. ఎందుకంటే లోపల దాచినవి తెలుగు అక్షరాలు కావు, వేరే లిపి సంకేతాలే, వాటి మీద తెలుగు బొమ్మలు అంటించి చూపించేవాళ్లు. కళ్లతో చదివేవాడికి ఇబ్బంది లేదు. సెర్చ్ ఇంజన్‌కి కళ్లు లేవు కదా, దానికి ఆ పేపరు మొత్తం పిచ్చిగీతలే. అంటే లక్షల ఇళ్లకి పొద్దున్నే చేరే పేరు, గూగుల్‌కి మాత్రం తెలుగులో ఒక్క ముక్క రాయనట్టే లెక్క. ఆ ఫాంట్లని యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుని తెలుగుగానే గుర్తుపట్టే పద్ధతిలోకి, మార్చి చూపించడానికి ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అని ఒక ఎక్స్‌టెన్షన్ ఉండేది, వాడినవాళ్లకి గుర్తుండే ఉంటుంది.

అదే సమయంలో ఊరూ పేరూ లేని జనం యూనికోడ్‌లో రాసుకుంటున్నారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. లేఖిని అనే సైట్లో టైపు చేసుకుని, బ్లాగులన్నీ ఒకచోట చూపించే కూడలి సైట్లో ఒకళ్లవి ఒకళ్లు చదువుకుంటూ ఉద్యోగస్తులూ, గృహిణులూ, అమెరికాలో మంచు చూసి దిగులుపడే కుర్రాళ్లూ బ్లాగులు రాశారు. 2007 ప్రాంతంలో నేను తోచినప్పుడల్లా ఏదో ఒక తెలుగు పదం కొట్టి చూసేవాణ్ణి, అదొక ఆట. గుత్తివంకాయ అని కొడితే ఎవరో ఆవిడ వాళ్ల అత్తగారి పద్ధతి, తాడేపల్లిగూడెం అని కొడితే ఎవరిదో చిన్ననాటి ముచ్చట. పేరున్న పత్రిక ఒక్కటీ రాదు. పేరు చూసి నమ్మడం కాకుండా రాత చూసి నమ్మడం నాకు అక్కడే అలవాటైంది. ఆవిడ కూరలో చింతపండు ఎప్పుడు వెయ్యాలో చెప్పిన తీరు చూస్తే తెలిసిపోతుంది, రోజూ వండే మనిషని.

గూగుల్ పుట్టినప్పుడు, 1998లో, లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనుకున్నది కూడా దాదాపు ఇదే. ఒక పేజీకి ఎంతమంది లింకు ఇస్తే అన్ని ఓట్లు, అందులోనూ పరపతి ఉన్నవాళ్ల లింకుకి బరువు ఎక్కువ. మన ఊళ్లో మంచి డాక్టరు ఎవరని నలుగురినీ అడిగినట్టు. పెద్ద బోర్డు కట్టుకున్నాడా లేదా అన్నది చూడకుండా నలుగురూ ఎటు చూపిస్తున్నారో చూడటం. బాగుంది. కానీ ఊళ్లో మాట్లాడేవాళ్లే నలుగురుంటే ఆ నలుగుర్నీ మేనేజ్ చేసుకోవడం ఎంతసేపు! తెలుగులో అదే అయిందని నా అనుమానం.

తర్వాత పత్రికలన్నీ యూనికోడ్‌కి వచ్చాయి. వచ్చి పైకెక్కాయి. ఎక్కడానికి ఏం చేశాయో చూడాలంటే ఒక్క పని చెయ్యండి, పీఎం కిసాన్ డబ్బులు ఎప్పుడు పడతాయో వెతకండి. రైతుకి ఏడాదికి 6,000, మూడు విడతల్లో రెండేసి వేలు. అడిగే ప్రశ్న చిన్నది. వచ్చే హెడ్డింగులు ఇలా ఉంటాయి: రైతులకు గుడ్‌న్యూస్, డబ్బులు పడేది అప్పుడే, పూర్తి వివరాలు ఇవే. లోపలికి వెళ్తే పథకం ఎప్పుడు మొదలైందో ఒక పేరా, అర్హత ఎవరికో ఒక పేరా, ఈకేవైసీ ఎలాగో ఒక పేరా, మధ్యలో మోకాలి నొప్పుల ప్రకటన, అట్టడుగున "తేదీని ఇంకా అధికారికంగా ప్రకటించలేదు." అయ్యో మహానుభావా, ఆ ముక్క పైనే చెప్తే నీ సొమ్మేం పోయింది? పోతుంది లెండి, కిందికి జరపకపోతే ప్రకటనలు కనబడవు. ఇక్కడ నేను బాధపడేది ఏంటంటే, సైటు పేరు చేత్తో మూసి చదివితే ఇది ఏభై ఏళ్ల పత్రికదో నిన్న పొద్దున్న పెట్టిన సైటుదో చెప్పలేం. అచ్చు పేపర్లో హెడ్డింగు పెట్టేవాడికి ఒక సుఖం ఉండేది, చదివేవాడు ఆల్రెడీ పేపరు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు కాబట్టి ప్రాస కట్టొచ్చు, చమత్కారం చెయ్యొచ్చు, రెండు మాటల్లో వదిలెయ్యొచ్చు. నెట్లో హెడ్డింగుకి ఆ సుఖం లేదు, జనం ఏ మాటలు టైపు చేస్తారో ఆ మాటలే అందులో ఉండాలి. జనమేమో తెలుగుని ఇంగ్లిషు అక్షరాల్లో కొడతారు. దాంతో ఒక పేపరు గొంతూ ఇంకో పేపరు గొంతూ అన్న తేడా, పక్కింటాయన గొంతు గుర్తుపట్టినట్టు గుర్తుపట్టేవాళ్లం కదా, అది పోయింది. పేరు పైకి వచ్చింది, మనిషి మారిపోయాడు.

ఇంకోపక్క గూగుల్ కూడా ఊరికే కూర్చోలేదు. మొదట్లో దారి చూపించి తప్పుకునేది. 2012లో కుడిపక్కన ఒక పెట్టె వచ్చింది, మనిషి పేరు కొడితే పుట్టిన తేదీ, ఊరు, ఫొటో అన్నీ అక్కడే. తర్వాత రెండేళ్లకి ఎవరి పేజీలోంచో రెండు వాక్యాలు కోసి పైన పెట్టడం మొదలైంది. 2024 ఆగస్టుకి మన దేశంలో ఇంగ్లిషులోనూ హిందీలోనూ ఏఐ రాసిన జవాబే అన్నిటికన్నా పైన. పదిమంది రాసింది కలిపి పిసికి ముద్ద చేసి పెడుతుంది, పక్కన చిన్న చిన్న గుర్తులు. నొక్కితే ఎవరిదో తెలుస్తుంది. ఎవరు నొక్కుతారండీ, నేను నొక్కానా చవితి రోజు? బ్రిటానికా వాళ్లు 244 ఏళ్లు అచ్చువేసి 2012లో అచ్చు ఆపేశారు, చివరి సెట్టు 32 సంపుటాలు. నాకు ఆ వార్త కంటే బాధ కలిగించింది ఏంటంటే, అందులో ఒక్కో పెద్ద వ్యాసం కింద రాసినవాళ్ల పొడి అక్షరాలు ఉండేవి, దానికి పూచీ ఒక మనిషిది. ముద్దలో పూచీ ఎవరిది?

అన్ని సెర్చ్‌లూ ఇలాగే ఉండాలని రూలేమీ లేదు, దానికి సాక్ష్యం మన దగ్గరే ఉంది. ఆంధ్రభారతి సైట్లో నిఘంటుశోధన వాడారా ఎప్పుడైనా? ఒక మాట కొడితే బ్రౌణ్యం, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు ఇంకా బోలెడన్నీ ఒకదాని కింద ఒకటి వరసగా వస్తాయి, ప్రతి దాని నెత్తిమీదా దాని పేరు. బ్రౌను దొర 1850ల నాటి ఇంగ్లిషులో, జనం నోట్లో మాట ఎలా ఆడుతోందో దానితో సహా చెప్తాడు. బహుజనపల్లి సీతారామాచార్యులు గారు 1885 నాటి పండితుడి పద్ధతిలో రెండు మాటల్లో ముగిస్తారు. సూర్యరాయాంధ్ర వాళ్లు పద్యం తెచ్చి చూపిస్తారు. ముగ్గురూ ఒకటే చెప్పరు, చెప్పక్కర్లేదు కూడా. వెతికేది ఒక్క దెబ్బలో అయిపోయింది, ఎవరి మొహం వాళ్లకే ఉంది. ఇంతకన్నా మంచి సెర్చ్ నేను చూడలేదు. నా పాత శబ్దరత్నాకరం అట్ట ఊడి అటక మీద ఉంది, దాన్ని తెరిచి చాలా ఏళ్లయింది. కానీ ఆ పేరు మీద గౌరవం తగ్గలేదు సరికదా, పక్కన ఇంకో నాలుగు నిఘంటువులు చూస్తున్నాక దాని గొప్ప ఎక్కడ, లోటు ఎక్కడ అన్నది ఇప్పుడే తెలుస్తోంది.

పేరుకి ఇంకో పని కూడా పడింది ఇప్పుడు, ఎరగా. మా బాబాయి సంగతి చెప్తాను.

పోయినేడాది మనవరాలికి పంపిన పార్సిల్ రాలేదని ఒక కొరియర్ కంపెనీ కస్టమర్ కేర్ నంబరు కోసం వెతికాడు. కంపెనీ పేరు కొట్టాడు, పక్కన కస్టమర్ కేర్ అని కొట్టాడు. పైనే నంబరు, పైన కంపెనీ పేరు, బొమ్మ కూడా ఉంది. చేశాడు. అవతల మనిషి చక్కటి తెలుగు, "నమస్కారం సార్, చెప్పండి సార్" అని. అడ్రసు తప్పుంది సార్, సరిచెయ్యడానికి అయిదు రూపాయలు కట్టాలి, లింకు పంపుతున్నా, ఈ యాప్ వేసుకోండి సార్ మేమే దగ్గరుండి చేయిస్తాం అన్నాడు. ఆ యాప్ వేసుకుంటే ఇక్కడి ఫోన్ తెర అక్కడ కనబడుతుంది, ఆ సంగతి బాబాయికి తెలీదు. అయిదు రూపాయలు కట్టాడు. ఇంకో పది నిమిషాలకి 9,400 పోయాయి. పిన్ని ఫోన్ లాక్కుని స్విచాఫ్ చేసింది కాబట్టి అక్కడితో ఆగింది. సైబర్ పోలీసు నంబరు 1930కి ఫిర్యాదు చేశాం, అదేం తిరిగి రాలేదు.

బాబాయి మోసపోయేంత అమాయకుడు కాదు. ముప్ఫయ్యేళ్లు ట్రెజరీలో చేశాడు, సంతకం తేడా ఉంటే బిల్లు వెనక్కి కొట్టేవాడు. తర్వాత నాతో ఒకే మాట అన్నాడు, "కంపెనీ పేరే ఉందిరా పైన." అదే. పేరు చూశాడు, పేరు ఎక్కడుందో చూడలేదు. పూర్వం బోర్డు ఉన్నచోట కొట్టు ఉండేది, కొట్టుకి తలుపుండేది, తలుపు వెనక తెలిసిన మొహం ఉండేది. ఇప్పుడు బోర్డు ఎవరైనా రాసి ఎక్కడైనా తగిలించొచ్చు, డబ్బిస్తే అందరికన్నా ముందు తగిలిస్తారు కూడా. బ్యాంకుల విషయంలో ఇది ఎంత ముదిరిందంటే రిజర్వు బ్యాంకు 2025 ఫిబ్రవరిలో మన బ్యాంకులన్నిటికీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అని ప్రత్యేకంగా ఒక చిరునామా పెట్టి, అక్టోబరు ఆఖరుకల్లా అందరూ అందులోకి మారాలంది. మంచిదే. కానీ చిరునామా చూసి గుర్తుపట్టాలంటే ముందు చిరునామా వంక చూడాలి, ఫోన్లో అది ఎంత సన్నగా, సగం నరికేసి కనిపిస్తుందో మీకు తెలుసు. మా ఆఫీసులో కుర్రాళ్లు కూడా బ్యాంకు సైటుకి వెళ్లాలంటే గూగుల్లో బ్యాంకు పేరు కొట్టి మొదటిది నొక్కుతారు. నేనూ అంతే, ఎందుకు అబద్ధం.

నాన్నకి ఇప్పుడు స్మార్ట్‌ఫోన్ ఉంది. మైకు గుర్తు నొక్కి "రేపు వాన పడుతుందా" అని అడుగుతారు, చుట్టాల ఎదురుగా అడిగి మరీ వినిపిస్తారు. అంటే ఆయనేదో పాతకాలం మనిషని నేను చెప్పట్లేదు. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు తిథి చూద్దామని పంచాంగం తీశాను. వెనక అట్ట లోపలివైపు, ఒకప్పుడు పాల లెక్కలు రాసే చోట, ఫోన్ నంబర్ల పట్టీ ఉంది, ఆయన గుండ్రటి దస్తూరీలో. గ్యాస్, కరెంటు 1912, బ్యాంకు, సైబర్ పోలీసు 1930. ప్రతి నంబరు పక్కనా చిన్నగా అది ఎందులోంచి తీసుకున్నారో కూడా రాసి ఉంది. పుస్తకం మీది. బిల్లు మీది. కార్డు వెనక. ఆఖర్న బాబాయి కొరియర్ కంపెనీ నంబరు, దాని పక్కన బ్రాకెట్లో, "రసీదు మీది. గూగుల్‌ది కొట్టేశాను."

నిజంగానే పైన ఒక నంబరు రాసి అడ్డంగా కొట్టేసి ఉంది.